అమ్మ వంకలు పెట్టిన గది

మా అమ్మ సముద్రం చూడలేదు. ఆబిడ్స్‌లో మా నాన్నది చీరల దుకాణం. అందరికీ సెలవులొచ్చే ఎండాకాలమే మాకు పెళ్ళిళ్ళ సీజను. ఊరంతా ఎటో ఒకవైపు పోతుంటే, పోయేవాళ్ళకు చీరలమ్ముతూ మేము గల్లా దగ్గరే ఉండేవాళ్ళం. ఇప్పుడు దుకాణం తమ్ముడు చూసుకుంటున్నాడు. అమ్మకు తీరిక దొరికేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. కొంచెం దూరం నడిస్తే చాలు, కూర్చోవడానికి అరుగో స్టూలో వెతుక్కుంటుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఆమెకు సముద్రం టీవీలోనే చూపించాల్సి వస్తుందని, ఈసారి పిల్లల సెలవులకు అందరం పెద్ద బీచ్ రిసార్టుకు పోదామని నేనే బయలుదేరదీశాను.

నేను బయలుదేరదీశానంటే బేరం కూడా నాదే. మొజంజాహీ మార్కెట్‌లో నన్ను దూరం నుంచి చూసి పండ్లవాళ్ళు చాయ్ తాగే నెపంతో లేచిపోతారని మా ఆయన అంటాడు. అబద్ధం. లేచింది ఒక్కడే, అదీ ఒక్కసారే.

ఫోనులో బుక్ చేసుకోవచ్చు కదా అన్నాడాయన. "ఎదురుంగ మనిషి లేకుంటే బేరమెట్ల జేస్తరు?" అని, అమ్మను ఆటోలో ఎక్కించుకుని నాంపల్లిలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు పోయాను.

ఆఫీసాయన గోడకున్న టీవీలో ఫొటోలు పెట్టాడు. మొదటిది కొత్తగా కట్టిన రిసార్టు. ఈతకొలనులు, పిల్లలకు నీళ్ళలో జారుడుబండలు, పొద్దున టిఫిన్లకు ఫంక్షన్ హాలంత గది. బీచ్ మాత్రం కాస్త దూరం, బ్యాటరీ బండిలో తీసుకుపోతారట.

"మస్తున్నది బిడ్డా," అంది అమ్మ. "పిల్లలు ఖుష్ అయితరు. గిదే తీస్కో."

ఇంక నేను ఆగుతానా! టిఫిన్లు ఊరికే కావాలన్నాను. అమ్మకు అదనపు మంచం ఊరికే కావాలన్నాను. స్టేషన్ నుంచి కారు కూడా అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇంక తగ్గియ్యమంటే నా కంప్యూటర్ గూడ మీరే తీస్కపోండ్రి."

"పాతదే గద, నాకొద్దు."

ఆయన నవ్వి, రిసార్టు మేనేజరుకు ఫోను కలిపాడు. ఆ మాటలు నడుస్తుండగా టీవీలో మిగతా ఫొటోలు వాటంతటవే తిరుగుతున్నాయి. అందులో ఒక పాత రిసార్టు వచ్చింది. అదీ పెద్దదే. కొబ్బరిచెట్ల కింద పొడుగునా పెంకుల గదులు. ఒక గది వరండా నుంచి రెండు మెట్లు దిగితే ఇసుక, ఇసుక వెంటనే నీళ్ళు.

"గా కుర్చీలేంది, అంగడిల తెచ్చినట్టు," అంది అమ్మ.

ఆమెను ఎవరూ అడగలేదు. ఫొటోలు ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే గది వచ్చింది.

"తలుపు తీస్తే ఇసుకనే. ఊడ్వనీకే ఒక మనిషి గావాలె."

ఇంకో చుట్టు తిరిగింది.

"నీళ్ళు గంత దగ్గరుంటే బట్టలన్ని చెమ్మ వడ్తయి."

నేను తిరిగి అమ్మ వైపు చూశాను. దుకాణంలో పెరిగినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. "చాలా బాగుందమ్మా" అని చీర మడిచి చేతికిచ్చిన మనిషి మెట్లు దిగి వెళ్ళిపోతుంది. అంచు సన్నమని, రంగు దిగుతుందేమోనని, వెలుతురుకు పట్టి చూసి మూతి విరిచే మనిషే కొంటుంది. నచ్చినదాన్ని మెచ్చుకుంటే ధర పెరుగుతుంది కనుక మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు. పెళ్ళిచూపులకు వచ్చిన మా ఆయనను చూసి అమ్మ, "చెవులు జర పెద్దయి" అంది. సంబంధం ఖాయమైందని నాకు అప్పుడే అర్థమైంది.

"అక్కా, ఒప్పుకున్నరు. కారు గూడ ఫ్రీ," అన్నాడు ఆఫీసాయన.

ఆ కొత్త రిసార్టులో ఏమయ్యేదో నాకు తెలుసు. ఒకరోజు బండెక్కుతుంది. మర్నాడు "మీరు పోయి రాండ్రి, నేనీడ గూసుంట" అని గదిలోనే ఉండిపోతుంది. ఊరికే వచ్చే టిఫిన్ల కోసం అంతసేపు నోరు చేసుకుని, ఎవరి కోసం పోతున్నామో ఆమెకే సముద్రం లేకుండా చేయబోయాను.

"గా పాత గది సంగతేంది?" అన్నాను.

గొంతు మామూలుగానే పెట్టాను. మొహం మాత్రం మాట వినలేదు. ఆయన ఇట్టే పసిగట్టాడు.

"దాంట్ల బేరం లేదక్కా. ఫిక్స్ రేటు."

బల్ల కింద అమ్మ నన్ను గిల్లింది. "మొఖం జర సీదా పెట్టుకోరాదే," అని గొణిగి, ఆయన వైపు తిరిగి ఏమీ పట్టనట్టు అడిగింది. "నీళ్ళు గా మెట్లదాంక వస్తయా, నాయ్నా?"

"రోజు రావమ్మా. పున్నమికి దగ్గరికొస్తయి. మెట్ల మీద గూసుంటే కాళ్ళు తడుస్తయి."

అమ్మ టీవీ వైపు చూసింది. అమ్మేవాళ్ళ ముందు అలా చూడకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది ఆమే.

"గట్లయితే పున్నమికే రాస్కో," అంది.

క్యాలెండర్ తీస్తే సెలవుల్లో పున్నమి అప్పటికే దాటిపోయింది. వచ్చే పున్నమి బడి తెరిచే వారంలో పడింది. ఆఫీసాయన ఏం చేయమంటారన్నట్టు నా వంక చూశాడు. రాసుకోమన్నాను.

తిరిగొస్తూ ఆటోలోంచే పిల్లల టీచరుకు ఫోను చేశాను. రెండు రోజులకు మించి సెలవు కుదరదందామె.

"నాలుగియ్యమను," అంది అమ్మ పక్కనుంచి. "గా మెట్లు దిగనీకే నాకు ఒక దినం వడ్తది."