తిట్టు బాబాయి గీసిన పెట్టెలు

తిట్టు బాబాయికి ఉన్న జబ్బు ఒకటే: తాను గీసిన పెట్టెను ఎవరైనా తిట్టాలి. మెచ్చుకుంటే ఒప్పుకోడు. మాటవరసకి "బాగుందండీ" అన్నవాళ్ళతో వారం రోజులు మాట్లాడడు. వాళ్ళ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒకసారి కాగితం చూసి "బ్రహ్మాండంగా ఉంది సార్" అన్న పాపానికి, బాబాయి ఎనిమిది రోజులు వెనక గేటులోంచి తిరిగాడు. బస్సులో పక్క సీటాయన, మందుల షాపులో మాత్రలిచ్చే ఆవిడ, ఇంటికొచ్చిన వియ్యంకుడు, ఎవరినీ వదిలేవాడు కాదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "ఒక్క నిమిషం, దీన్ని కాస్త తిట్టి పెట్టండి" అనేవాడు. వియ్యంకుడు మరీ మొహమాటస్థుడు కావడంతో రెండు కుటుంబాల మధ్య కొన్నాళ్ళు రాకపోకలు తగ్గాయి.

ఫర్నిచర్ షాపు అమ్మాయికి ఆయన పరిచయమైంది బొమ్మల క్లాసులో. స్టేషనరీ షాపు మేడ మీద, వారానికి ఒక సాయంత్రం, పెద్దవాళ్ళ కోసం పెట్టిన క్లాసు అది. అందరూ సరదాకి చేరినవాళ్ళే. సరదా లేనిది ఆమెకొక్కదానికే. షాపు ఓనరు మూడు నెలలు గడువు పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, బీరువా ఎలా ఉండబోతోందో అక్కడికక్కడే గీసి చూపించగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే గీయగలిగిన మనిషిని తెచ్చుకుంటాడు. అప్పటిదాకా ఆమె గీసినవంటూ ఉంటే బిల్లుల కింద సంతకాలే.

బీరువా అయినా మంచమైనా లోపల దాగి ఉన్నది పెట్టేనన్నది మేష్టారి సిద్ధాంతం. వారానికి పాతిక పెట్టెలు ఇంట్లో గీసి, తేదీ వేసి, తెచ్చి గోడకి గుచ్చాలి. ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోకూడదు. పక్కవాళ్ళు ఎర్ర పెన్సిల్‌తో రాసి, పైకి చదవాలి. వెనక్కి పోయే అంచుల్ని పొడిగించుకుంటూ పోతే అవి దూరంగా ఒకచోట కలవాలి. ఆ చోటును మేష్టారు చుక్క అనేవారు. చుక్క కుదిరితే పెట్టె కుదిరినట్టు.

మొదటివారం ఆమె తన కాగితాన్ని తలుపు వెనక గుచ్చింది. అయినా దొరికిపోయింది. ఆ వారం ఆమె తప్పులు రాసే వంతు క్లాసులోని పళ్ళ డాక్టరుకి వచ్చింది. ఆయన చాలా మర్యాదస్థుడు.

"కంగారేం లేదమ్మా. కొంచెం నొప్పిగా ఉంటుందంతే" అని, పెట్టె వెనక్కి వెళ్ళేకొద్దీ లావవుతోందని రాశాడు. పాతిక పెట్టెలూ అంతే. గదిలో పన్నెండు మందీ ఆ పాతిక పెట్టెల వంక ఒకేసారి తలలు తిప్పారు. ఆమె ముఖం కడుక్కునే నెపంతో వెళ్ళి వాష్ బేసిన్ దగ్గరే నిలబడిపోయింది. ఇక రాకూడదని అక్కడే తీర్మానించుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం మర్నాటికల్లా మళ్ళీ పైకొచ్చింది కాబట్టి సరిపోయింది.

రెండోవారం మెట్ల దగ్గరే బాబాయి కాపు కాశాడు.

"అమ్మాయ్, లోపలికి వెళ్ళేముందు దీన్ని ఓ తిట్టు తిట్టు."

"నాకేం తెలుసు బాబాయ్ గారూ, నేనే కొత్త."

"కొత్తవాళ్ళే బాగా తిడతారు. పాతబడితే మొహమాటం వస్తుంది."

ఆమె చూసింది. వెనకవైపు ముందువైపుకంటే ఉబ్బిపోయి ఉంది.

"వెనక కొంచెం... పెద్దగా ఉందేమోనండీ."

"ఇది తిట్టా? ఇది పలకరింపు. ఎంత పెద్దగా?"

ఆయన జేబులోంచి దారపుండ తీసి, ఒక కొస ఆమెకిచ్చి, కాగితం మీది అంచు వెంబడి లాగాడు. ఇంకో అంచు మీద ఇంకో దారం. రెండూ దగ్గరపడడానికి బదులు ఎడమొహం పెడమొహంగా పోయాయి. ఒకటి చెప్పుల స్టాండు వైపు, ఒకటి ఫ్యూజుల పెట్టె వైపు.

"ఇవి ఈ జన్మలో కలవవండీ" అంది ఆమె, తనకి తెలియకుండానే. "పెట్టె తలకిందులుగా ఆలోచిస్తోంది."

"హమ్మయ్య" అన్నాడు బాబాయి తృప్తిగా. "రాయి, ఎర్ర పెన్సిల్‌తో రాయి."

రాస్తూ ఉండగా ఆమెకి తన సంచిలోని కాగితం గుర్తొచ్చింది. అందులోనూ అదే తప్పు. కానీ లోకంలో ఆ తప్పు చేసేది తానొక్కతే కాదు. మెట్ల మీదే కూర్చుని, రబ్బరు అరిగేదాకా తుడిచి, దిద్దుకుని లోపలికి వెళ్ళింది.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయింది. ఒకవారం బాబాయి పెట్టెకి నిలువు గీతలు పక్కకి వాలేవి. "దీన్ని ఎవరో తోశారండీ" అనేది ఆమె. ఒకవారం మూత పెట్టెకంటే పొట్టి. "వాన కురిస్తే మీ సామాను గతేంటి?" అనేది. ఒకవారం గీతలు కలిసే చుక్క కోసం దారం గది దాటి, వరండా దాటి మెట్లు దిగింది. కింద స్టేషనరీ షాపావిడ దాన్ని చూసి ఎలుక లాగుతోందనుకుని కత్తెరతో తెంపింది. పైన మేష్టారు టీ కప్పుతో సహా చిక్కుకుని, అర్ధగంట కదలకుండా నిలబడే పాఠం చెప్పారు.

ముప్ఫై ఏళ్ళు అట్టపెట్టెల కంపెనీలో తనిఖీ చేసిన మనిషి బాబాయి. వంకర పెట్టెని అంత దూరంలోంచే పసిగట్టి పక్కన పడేసేవాడట. అలాంటివాడు కాగితం మీద ఒక్క పెట్టె తిన్నగా గీయలేకపోవడం క్లాసులో అందరికీ వింతగానే ఉండేది.

బాబాయిని తిట్టడంలో ఆమె ఆరితేరింది గానీ, తన కాగితం గుచ్చేటప్పుడు మాత్రం గుండుసూది ప్రతిసారీ వేలికే దిగేది. గడువు దగ్గరపడుతోంది. షాపులో ఓనరు అప్పుడే క్యాలెండరు వంక చూడడం మొదలుపెట్టాడు. తలుపు తెరిచిన బీరువా దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. తెరిచిన తలుపు వేరే దిక్కుకి తిరుగుతుంది కాబట్టి దానికి వేరే చుక్క కావాలి. ఆమె రెంటినీ ఒకే చుక్కకి కట్టేసేది. ఆ మరుసటి వారం బాబాయి తెచ్చిన పెట్టెకీ మూత తెరిచి ఉంది, అదీ అలాగే ఏడిచింది. దాన్ని దులిపేశాక ఆమెకి దారి కనిపించింది. గడువుకి ముందు చివరి క్లాసులో ఆమె బీరువాలో ఎవరికీ తప్పు దొరకలేదు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు మార్చుకుని మరీ వెతికాడు.

"మీ ఓనరు అడిగితే చూపించు" అని మేష్టారు మూడు నెలల కాగితాల ఫైలు చేతికిచ్చారు. అందులో అందరివీ కలిసి ఉన్నాయి. ఆమె నేల మీద పరిచి తేదీల వారీగా తనవి ఏరుకోసాగింది. ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

మొదటివారం తన పెట్టె వెనక్కి లావు. రెండోవారం బాబాయిది. మూడోవారం తన గీతలు వాలాయి. నాలుగోవారం బాబాయివి. పొట్టి మూతా అంతే, తెరిచిన తలుపూ అంతే. వాలిన కోణం కూడా అదే.

ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలలుగా తనని వెక్కిరిస్తున్నాడా ఈయన? తర్వాత ఎర్ర పెన్సిల్ రాతలు చదివింది. బాబాయి కాగితాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, అంతా తన చేతిరాతే. తన కాగితాల మీద ఆ ఎరుపు వారం వారం తగ్గుతూ వచ్చింది. పన్నెండు మంది ఎదుట తాను పడాల్సిన చీవాట్లన్నీ ఆ మనిషి వంతులవారీగా మెట్ల మీద పడ్డాడు. ఆ కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

శనివారం షాపుకి ఒక జంట వచ్చారు. ఓనరు ఆమె ఎదుట కాగితం పెట్టి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడకి మూడు తలుపుల బీరువా కావాలి, ఒకటి తెరిచి ఉండాలి, లోపల అరలు కనిపించాలి. ఆమె గీయడం మొదలుపెట్టింది. సగంలో తలుపు అంచు తప్పుతోందని కనిపించింది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. ఇంతకుముందైతే ఆమె అక్కడితో లేచిపోయేదే. ఇప్పుడు తలుపునే తిట్టింది, అదీ పైకే: "నీ చుక్క నీకు ఉండగా పక్కవాళ్ళ ఇంటికి ఎందుకు పోతావ్?" జంట మొహమొహాలు చూసుకున్నారు. ఆమె తుడిచి, మళ్ళీ గీసింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ కాగితం మీదికి వంగి, "ఈ అరలో దుప్పట్లు పడతాయా?" అని అడిగింది. ఓనరు సోమవారం కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించి ఆమెకిచ్చాడు.

ఆ వారం క్లాసుకి ఆమె అందరికంటే ముందు వెళ్ళింది. బాబాయి మెట్ల మీద ఉన్నాడు, చేతిలో కాగితంతో.

"తిట్టమ్మాయ్."

"తిట్టను. మీ గుట్టు తెలిసిపోయింది బాబాయ్ గారూ. మీరు గీసినవన్నీ నా తప్పులు."

బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఫైలు చెప్పింది. సరే, పోయినవారం నేను తప్పు చేయలేదు కదా. మరి ఇందులో మూత నేలలోకి దిగబడింది, అడుగు గాల్లో ఉంది. ఇది ఎవరిది?"

ఆయన కాగితాన్ని ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొట్టమొదటిసారి ఆయన ముఖంలో కంగారు కనిపించింది.

"అది నా సొంతం. ఇన్నాళ్ళూ నీవి గీయడంతోనే సరిపోయింది, నావి గీసుకునే తీరిక ఎక్కడిది? నాలుగు రోజుల్నుంచి కుస్తీ పడుతున్నా" అని, గొంతు తగ్గించి, "కాస్త మెల్లగా చెప్పు" అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎర్ర పెన్సిల్ పక్కన పెట్టి మామూలు పెన్సిల్ తీసింది.

"నేనూ మొదట్లో ఇలాగే గీసేదాన్ని బాబాయ్ గారూ" అంది.

అది పచ్చి అబద్ధం. అలాంటి పెట్టె లోకంలో ఇంకెవరూ గీయలేరు.