ఆవిరి పెట్టె, ఐసు పెట్టె

పిరాయు ఊరి పళ్ళాసుపత్రిలో పన్ను పీకేది డాక్టరే అయినా, పీకే పట్టకారు మాత్రం ఎలిహియాది. ఇరవై రెండేళ్ళుగా పనిముట్లన్నీ కడిగి, ఆవిరి పెట్టెలో ఉడికించి, క్రిమి అనేది లేకుండా చేసి ఇచ్చేది ఆవిడే. ఆ గది తాళంచెవి ఆవిడ మెళ్ళో మేరీమాత బిళ్ళ పక్కన వేలాడుతుంది. పెద్ద డాక్టరు ఫుల్హెన్సియో కూడా తలుపు తట్టి, "న్యా ఎలిహియా, లోపలికి రావచ్చా?" అని అడిగి గానీ గడప దాటేవాడు కాదు. 'న్యా' అనేది ఆ ఊళ్ళో వయసుకిచ్చే మర్యాద. ఆవిడ మాత్రం అది తన శుభ్రతకిచ్చిన బిరుదనుకునేది.

"నా చేతిమీదుగా పోయిన పనిముట్టుతో ఈ ఊళ్ళో ఒక్కడికి చిగురు వాచిందా? చెప్పండి చూద్దాం!" అని అప్పుడప్పుడూ సవాలు విసిరేది. ఎవరూ నోరు మెదిపేవారు కాదు. రేపు అదే నోరు ఆవిడ పట్టకారుకి అప్పగించాలి కదా.

పెద్దాయనకు చేతులు వణకడం మొదలయ్యాక ఆసుపత్రి కూతురు లిస్ చేతికొచ్చింది. రాజధానిలో చదివిన పిల్ల. వస్తూనే గోడ మీద నియమాల కాగితం అంటించింది. సూదులు గట్టి డబ్బాలోనే వెయ్యాలి. పనిముట్ల గదిలో తిండీ తాగుడూ కూడదు. ఆవిరి పట్టిన ప్రతిసారీ వేడి నూట ముప్పై నాలుగు డిగ్రీలకు చేరాలి; పెట్టె మీద ముల్లు ఏ అంకె దగ్గర నిలిచిందో చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అన్నిటికన్నా కింద ఒకటుంది: అపాయం కనబడితే ఎవరైనా సరే "ఆపండి" అనొచ్చు, డాక్టరు చెయ్యి దించాల్సిందే.

"ఎవరైనా అంటే? గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే సునిల్దా కూడానా?" అంది ఎలిహియా.

"సునిల్దా కూడా, న్యా."

"అయితే ఇక ఈ ఊళ్ళో పన్ను ఊడినట్టే!"

పుస్తకం సంగతి ఆవిడకు మరీ నవ్వొచ్చింది. "కర్రపెండలం ఉడికిందో లేదో గుచ్చి చూస్తాం గానీ పుస్తకం తిరగేస్తామా? నా పెట్టె ఈల వేస్తే చాలు, నాకు తెలిసిపోతుంది." అయినా రాసేది. సోమవారం పొద్దున్నే కూర్చుని, శనివారం దాకా వారం మొత్తానికీ నూట ముప్పై నాలుగు, నూట ముప్పై నాలుగు అని గుండ్రటి అక్షరాలతో నింపేసి, పనైపోయిందని చేతులు దులుపుకునేది. శనివారం పెట్టె ఎంత వేడెక్కబోతోందో సోమవారమే తెలిసిన మనిషి ఆ దేశం మొత్తానికీ ఆవిడొక్కతే.

నిజంగా మనసు కష్టపెట్టిన విషయం ఇంకొకటుంది. రోజూ పదింటికి పెరట్లో అందరూ తెరెరె అనే చల్లటి ఆకుల పానీయం తాగుతారు. ఎలిహియా పచ్చి మూలికలు దంచి, ఐసు నీళ్ళు కలిపి, కొమ్ముతో చేసిన గ్లాసులో పోసి వంతులవారీగా అందిస్తుంది. ఒకటే గ్లాసు, పీల్చడానికి ఒకటే ఇనప గొట్టం, అందరి నోళ్ళూ. తాగింది చాలనుకున్నవాళ్ళు గ్లాసు తిరిగిస్తూ "థాంక్స్" అంటారు, ఇక వాళ్ళకు వంతు రాదు. లిస్ మొదటి రోజే, గుక్కైనా తాగకుండా, థాంక్స్ అనేసింది.

"ఒకే గొట్టం ఇంతమంది నోట్లోనా న్యా? మనం పళ్ళాసుపత్రివాళ్ళం!"

"ముప్పై ఏళ్ళు మీ నాన్న తాగిన గొట్టమే తల్లీ ఇది."

నాలుగు నెలలుగా రోజూ అదే థాంక్స్. ఎలిహియాకు అది చెంపదెబ్బలా తగిలేది.

ఆ దేశంలో నడివేసవి జనవరిలోనే. ఆ ఎండలు మండిపోతుంటే మూలకొట్లో ఐసు దొరకడం మానేసింది. ఎలిహియా చెల్లెలింటి నుంచి పాత ఐసు పెట్టె మోయించుకొచ్చింది. ఖాళీ ప్లగ్గు పనిముట్ల గదిలోనే, ఆవిరి పెట్టె పక్కనే ఉంది. "తినకూడదన్నారు, తాగకూడదన్నారు. గడ్డ కట్టించకూడదని ఎక్కడుంది?" అని తనకు తానే తీర్పు చెప్పుకుని, దాని మీద లేసు గుడ్డ కప్పింది.

పది రోజుల తర్వాత, లిస్ తెప్పించిన పరీక్ష గొట్టాల డబ్బా రాజధాని నుంచి వచ్చింది. ఒక్కో గాజు గొట్టంలో ఓ పట్టాన చావని క్రిములుంటాయి. పనిముట్లతో పాటు ఆవిరి పెట్టి, రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. ఊదాగా ఉంటే చచ్చినట్టు, పసుపైతే బతికున్నట్టు.

"పెట్టుకోండి పరీక్ష. నా పెట్టెలో రాయి కూడా చస్తుంది," అంది ఎలిహియా.

గురువారం పొద్దున గది తాళం తీసి చూస్తే గొట్టం పసుపుపచ్చగా, అరటిపండులా ఉంది.

ముందు గొట్టాన్ని తిట్టింది. తర్వాత పెట్టె వేసి, ఎన్నేళ్ళకో మొదటిసారి ముల్లు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ముల్లు నూట పది దాకా ఎక్కింది. ఇంతలో ఐసు పెట్టె గుర్రుమంది, బల్బు మసకబారింది, కరెంటు చాలక ముల్లు అక్కడే చతికిలబడింది. ఈల మాత్రం రోజూలాగే హాయిగా వేసింది. ఐసు పెట్టె ప్లగ్గు పీకింది. ముల్లు నూట ముప్పై నాలుగుకి పోయింది. పక్కనే పుస్తకం తెరిచి ఉంది. అందులో గురువారానికి నూట ముప్పై నాలుగు. రాని శనివారానికీ అంతే.

డబ్బాలో ఇంకా గొట్టాలున్నాయి. ఒకటి తీసి ఇప్పుడు ఆవిరి పెడితే ఎల్లుండికి ఊదాగానే ఉంటుంది, ఎవరికీ తెలీదు, తాళంచెవి మెళ్ళోనే ఉంటుంది. గొట్టం చేతిలోకి తీసుకుంది కూడా. ఇంతలో పక్కగదిలోంచి లిస్ గొంతు వినిపించింది: "నోరు పెద్దగా తెరవండి సిరియాకో గారూ. పట్టకారు పెడుతున్నా."

ఎలిహియా పరుగున వెళ్ళింది.

"ఆపండి!"

లిస్ చెయ్యి ఠక్కున దిగింది. మందుకి మొద్దుబారిన మూతితో బస్సు డ్రైవరు సిరియాకో ఏదో గొణిగాడు.

"నువ్వు నోరు మూసుకో నాయనా, ఇవాళ్టికి నీ పన్ను నీదే," అని, ఎలిహియా డాక్టరు ముందు నిలబడి అన్నీ చెప్పేసింది. ఐసు పెట్టె, ముల్లు, సోమవారం రాతలు, ఇప్పుడే చెయ్యబోయిన మోసం. చెప్పి, మెళ్ళోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

లిస్ పట్టకారు పళ్ళెంలో పెట్టేసింది. తిట్టలేదు. "ఎన్ని రోజులు?" అని మాత్రం అడిగింది. ఆ పన్నెండు రోజుల్లో పన్ను పీకించుకున్నవాళ్ళు తొమ్మిదిమంది. అందరికీ రక్తపరీక్ష చేయించాలి.

"ఫోన్లో చెప్పే మాట కాదిది. నేనే వెళ్తా," అంది ఎలిహియా.

మూడు రోజులు ఎండలో గడపగడపకీ తిరిగింది. ఒకాయన నానా మాటలూ అన్నాడు. రొట్టెలమ్మే ఆవిడ మొహం మీదే తలుపేసి, మళ్ళీ తీసి, నీళ్ళిచ్చింది. మూడు నెలల్లో రెండుసార్లు పరీక్షలయ్యాయి. తొమ్మిదిమందీ బాగున్నారు. అన్నాళ్ళూ ఎలిహియా గదిలో అడుగుపెట్టలేదు. ఆవిరి పట్టడం లిస్ చేసుకునేది. ఎలిహియా నేల తుడిచేది.

ఆఖరి కాగితం వచ్చిన రోజు పదింటికి లిస్ పెరట్లోకొచ్చింది. తాళంచెవి ఎలిహియా ఒళ్ళో పడేసి, పక్కనే కూర్చుని, జేబులోంచి అంటించిన కాగితపు సంచీ తీసింది. అందులో కొత్త ఇనప గొట్టం. పైన తేదీ, నూట ముప్పై నాలుగు, సంతకం.

ఎలిహియా సంచీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముల్లు చూసే రాశావా?"

"చూశాను న్యా."

గొట్టం కొమ్ములోకి దిగింది. ఐసు లేని తెరెరె గోరువెచ్చగా, చేదుగా ఉంది. లిస్ మొహం చిట్లించుకుంటూనే అడుగు దాకా పీల్చి గ్లాసు తిరిగిచ్చింది. ఎలిహియా ఆ మాట కోసం ఎదురుచూసింది.

లిస్ థాంక్స్ అనలేదు. ఎలిహియా మళ్ళీ పోసింది.