ఎడమ డొక్క మీద మూడు మచ్చలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచి సరదా. గార్డెన్ రీచ్‌లో మా తెలుగు రేవు కూలీల ఇళ్లలో ఇంటికో దెయ్యం కథ ఉండేది. "ఫొటో ఉందా?" అని అడిగి అందరి నోళ్లూ మూయించేదాన్ని. ఇప్పుడు ఫొటో నా దగ్గరే ఉంది.

వారమంతా న్యూ టౌన్‌లో ఆఫీసు. ఆదివారాలు సుబీర్ దాతో కలిసి బావురుపిల్లుల లెక్క. దా అంటే బెంగాలీలో అన్న. ఆయన రిటైరైన బడి మాస్టారు. బావురుపిల్లి చేపలు పట్టుకుని బతికే అడవి పిల్లి. మనిషి అలికిడైతే ఆ చాయలకే రాదు. అందుకని అది నడిచే దారికి రెండు వైపులా కెమెరాలు కట్టి వచ్చేస్తాం. పిల్లి మధ్యలోంచి వెళ్తే రెండూ వాటంతటవే ఫొటో తీస్తాయి. ఒంటి మీద మచ్చలు ఏ రెండు పిల్లులకీ ఒకేలా ఉండవు. ఇంట్లో కూర్చుని వాటిని పోల్చి ఏది ఏదో తేల్చడం నా పని.

ఒక అపార్ట్‌మెంట్ల సముదాయం వెనక జమ్ము మడుగులో మాకు కనిపించింది ఒక్కటే, మూడో నంబరు. చిరిగిన ఎడమ చెవి, ఎడమ డొక్క మీద గొలుసులా కలిసిన మూడు మచ్చలు. మా అమ్మ దానికి చిట్టెమ్మ అని పేరు పెట్టింది. అపార్ట్‌మెంట్ల కమిటీ ఆ జమ్మంతా కొట్టించాలని చూస్తోంది. పిల్లి ఉన్నన్నాళ్లూ ముట్టుకోబోమని మాత్రం మాకు మాటిచ్చారు.

దసరా పూజలు అయిన వారానికి చిట్టెమ్మ రోడ్డు మీద చచ్చి పడి ఉంది. ఏదో బండి గుద్దేసింది. రెండు పక్కలా ఫొటోలు తీసి పోల్చాం. అదే. జమ్ము పక్కనే పూడ్చి, గుర్తుకి వెదురు కర్ర పాతి, సుబీర్ దా తన ఎర్ర గంఛా తువ్వాలు కట్టాడు. నోట్‌బుక్‌లో నేనే 'మృతి' అని రాశాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆరు రోజుల తర్వాత కెమెరాలు విప్పడానికి వెళ్లాం. ఎడమ కెమెరాలో ఒక ఫొటో ఉంది, అంతకు ముందు రోజు పొద్దున్న ఆరింటిది. చిరిగిన చెవి, మూడు మచ్చలు, నోట్లో చేప. గడియారం తప్పిందనుకుందామంటే వెనకాల ఎర్ర గంఛా స్పష్టంగా కనిపిస్తోంది. అదే క్షణంలో కుడి కెమెరా తీసిన ఫొటోలో గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఎ తో షేయి!" అన్నాడు సుబీర్ దా. ఇది అదే కదా, అని.

మచ్చల్ని నాలుగుసార్లు పోల్చాను. భయం కన్నా కుతూహలమే ఎక్కువైంది. మర్నాడే కమిటీ మీటింగు. పిల్లి ఉందా లేదా ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఏం చెప్పాలో తోచక అమ్మకి ఫొటో చూపించాను.

"సచ్చిపోనాదని నువ్వే సెప్పినావు. మరి ఈ సేప ఎవులికి అట్టుకెల్తందే?" అంది.

అప్పుడు చిట్టెమ్మ చచ్చినప్పటి ఫొటోలు మళ్లీ తీశాను. మచ్చలు చూసే అలవాటులో పొట్ట వైపు చూడనే లేదు. పాలచన్నులు ఉబ్బి ఉన్నాయి. నా మీద నాకే సిగ్గేసింది.

మీటింగులో ఆ పొట్ట కనిపించే ఫొటో ఒక్కటే చూపించాను. జమ్ములో దాని కూనలున్నాయి, కొట్టొద్దు అన్నాను. ప్రస్తుతానికి ఆగుతామన్నారు.

మరో పది రోజులకు, విప్పకుండా వదిలేసిన రెండు కెమెరాల్లోనూ రెండు కూనలు పడ్డాయి. సొంతంగా చేప పట్టే ఈడు కాదు. అయినా బొద్దుగా ఉన్నాయి.

నోట్‌బుక్‌లో మూడో నంబరు పక్కన 'మృతి' అలాగే ఉంచాను. దాని కింద, చేపతో వెళ్లిన తేదీ కూడా రాశాను. ఎలాగని ఎవరైనా అడిగితే ఫొటో తీసి చూపిస్తాను.