శబ్నమ్ చిరునామా

మొన్న రాజమండ్రిలో మిక్సీ బాగు చేయించుకుందామని వెళ్లాను. కొట్టాయన కాలిన సోల్డరింగ్ ఐరన్‌ని ఒక తెల్లటి గడ్డ మీద రుద్దగానే లేచిన పొగ ముక్కుకి ఘాటుగా, గొంతులో ఉప్పగా తగిలింది. ఏంటండీ అదంటే "నవసాగరం అండి" అన్నాడు. ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. మిక్సీ సంగతి మర్చిపోయి అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో, వానలు వెనకబట్టి వరి పొట్ట మీదికొచ్చే రోజుల్లో ఈ వాసన వచ్చిందంటే కళాయి సాయిబు గారు దిగారన్నమాటే. రైల్లో రెండు రోజుల దూరం, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చేవారు. కాలవగట్టున రైసుమిల్లు గోడకి ఆనించిన తాటాకు పాకలో గుంట తీసి, బొగ్గులు పోసి, తోలుతిత్తి బిగించుకున్నారంటే ఊళ్లోని ఇత్తడి సామానంతా అక్కడికి చేరేది. కాగిన గిన్నెలో తగరం కడ్డీ తాకించి, చిటికెడు నవసాగరం చల్లి, దూదితో గిర్రున ఒక్క తిప్పు తిప్పేవారు. తెల్లటి పొగ భుగ్గున లేచి, అది విడేసరికి, అంతదాకా మసిబారి ఉన్న గిన్నె లోపల వంగి చూస్తున్న మా మొహాలే కనపడేవి. పిల్లలందరం ఆ ఒక్క క్షణం కోసం బడి గంట కూడా వినపడనట్టు నటించేవాళ్లం.

ఆయన తెలుగు నేర్చుకున్నది మా ఊళ్లోనే కాబట్టి ప్రతిదానికీ 'అండి' తగిలించేవారు. తిత్తి మొరాయిస్తే దాన్నీ "ఊదండి, ఊదండి" అని బతిమాలేవారు. మా బొమ్మల పెళ్లి గిన్నెలకి కూడా పెద్ద గిన్నెలకి వేసినంత శ్రద్ధగా కళాయి వేసి, పళ్లెంలో పెట్టి, "తీసుకోండి అమ్మగారండి" అని అందించేవారు. ఏడో తరగతి పిల్లని అమ్మగారని పిలిచిన మనిషి ఆ రోజుల్లో ఆయనొక్కరే.

మా మామ్మకి, అంటే నాన్నగారి అమ్మకి, ఒక ఇత్తడి గుండిగ ఉండేది. దాని అంచున మా తాతయ్య పేరు, ఊరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేవి. కార్తీకమాసంలో కొబ్బరితోటలో వనభోజనాలకి పులుసు అందులోనే కాగాలి, కంద బచ్చలి కూర పక్కన ఆ పులుసు ఉంటేనే భోజనం. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము పడుతుంది గనక, ఏటా దీపావళికి ముందే గుండిగ సాయిబు గారి దగ్గరికి వెళ్లేది. దాని మీద మామ్మకి ఎంత మమకారమంటే, దాన్ని కళాయికి పంపేటప్పుడు చెప్పినన్ని జాగ్రత్తలు మమ్మల్ని బడికి పంపినప్పుడు కూడా చెప్పేది కాదు.

నాకు హిందీ వచ్చని సాయిబు గారికి గొప్ప నమ్మకం. ఊళ్లో ఆ నమ్మకం ఉన్నది కూడా ఆయనొక్కరికే. ఆయనకి చదువు రాదు. ఇంటి దగ్గర నా ఈడు కూతురు శబ్నమ్. ఆ పిల్లకి నాచేత కార్డులు రాయించేవారు. పది రోజులకో ఊరు తిరిగే మనిషి కాబట్టి జవాబులు వచ్చేవి కావు. ఇక్కడి అరటిపళ్ల గురించి, కాలవలో బాతుల గురించి, బాగా చదువుకోమని, తప్పో ఒప్పో నాకొచ్చిన హిందీలో రాసేదాన్ని. ఆ తరవాత ఆయన రేకుపెట్టె లోంచి మడతలు పడ్డ పాత కవరొకటి తీసి, దాని మీదున్న చిరునామా చూపించేవారు. ఇంపొజిషన్ రాసినట్టు, ఒక్క అక్షరమూ చదవకుండా చూసి దించేసేదాన్ని. ఆయన పేరు కూడా అందులోనే ఉండేది.

ఆ ఏడు దీపావళి నాలుగు రోజులుందనగా తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. ఏటా చెప్పేదేగా అనుకున్నాం. మధ్యాహ్నానికి గాలి మారింది. నాన్నగారు పాకకి వెళ్లి, సామాను వదిలేసి మా డాబాలోకి వచ్చేయమన్నారు.

"జనాల సామానండి. ముందు అదండి," అన్నారట సాయిబు గారు. మిల్లు వాళ్ల తోపుడుబండి అడిగి తీసుకుని, వానలో ఇంటింటికీ తిరిగి ఎవరి గిన్నెలు వాళ్లకి చేర్చి, చివరికి మా రెండు బిందెలతో తడిసి ముద్దై మా గుమ్మంలోకి వచ్చారు.

"గుండిగేదండీ సాయిబు గారూ?" అంది మామ్మ.

"కళాయి అయిందండి, బండిలో పట్టక పాకలో ఉందండి. రేపు తెస్తానండి."

"ఏవోనమ్మా, పాక కాస్తా లేచిపోతే కాలవలో పడి కొట్టుకుపోదూ!" అని మామ్మ తనలో తాను గొణుక్కుంది. ఆయన్ని వెళ్లమనలేదు. ఒట్టు, వెళ్లమనలేదు. కానీ ఆయన విన్నారు. "ఇప్పుడే వచ్చేస్తానండి" అని వెనక్కి తిరిగారు. నాన్నగారు వద్దని అరుస్తూనే ఉన్నారు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని, ఆయన వీపు వానలో కలిసిపోయేదాకా చూశాను. ఆ తరవాత కొబ్బరిచెట్లు విరిగే గాలి వచ్చింది. నాన్నగారు రెండుసార్లు తలుపు తీశారు, రెండుసార్లూ గాలి ఆయన్ని లోపలికి నెట్టేసింది.

మర్నాడు పొద్దున్న మిల్లు గోడ పాక మీద పడి ఉంది. సాయిబు గారిని దాని కిందనుంచి తీశారు. గుండిగ కాస్త దూరంలో బురదలో దొరికింది. దాని మీద పేరు ఉంది కాబట్టి ఎవరో మా ఇంటికి తెచ్చి ఇచ్చారు. రేకుపెట్టె మాత్రం కాలవలో పోయింది.

వాళ్ల వాళ్లకి కబురు చెయ్యాలి. "పాపకి తెలుసండీ, ఆవిడేగా రాసేది!" అన్నారెవరో. అందరూ నా వైపు తిరిగారు. నాన్నగారు నా ముందు కార్డు పెట్టి, "గుర్తు తెచ్చుకోమ్మా" అన్నారు. ఎన్నిసార్లు రాశాను ఆ చిరునామా! శబ్నమ్ అని రాశాను. చివర్న 'పూర్' అని రాశాను. మధ్యలో ఒక్క అక్షరం రాలేదు. గీత కింద వేలాడే ఆకారాలు కళ్ల ముందు ఆడుతున్నాయి గానీ ఒక్కటీ పలకడం లేదు. "అటువైపు పూర్ లేని ఊరుంటుందేంటమ్మా!" అని పోస్టుమాస్టారు తల పట్టుకున్నారు. ఆ కార్డు చింపలేక, డబ్బాలో వేయలేక, నాన్నగారు చాలా రోజులు జేబులో పెట్టుకు తిరిగారు. నేను ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. అంతకుమించి చెయ్యడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఇళ్లల్లో స్టీలు, నాన్‌స్టిక్. కాలవగట్టున మిల్లూ లేదు, పాకా లేదు. నేను హిందీ బాగా చదవగలను, దేనికి? శబ్నమ్‌కీ నా వయసే వచ్చి ఉంటుంది. వాళ్ల నాన్న తమని వదిలేసి ఎక్కడో ఉండిపోయాడనే ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు. మామ్మ పోయేదాకా ఆ గుండిగని పొయ్యెక్కించలేదు. అది మా అటక మీదే ఉంది. వాడలేదు కాబట్టి సాయిబు గారి కళాయి కొత్తదిలా ఉంది, అంచున మా తాతయ్య పేరూ ఊరూ ఎవరైనా చదువుకోవచ్చు.