కోర్టు గుమ్మంలో నాయనమ్మ చెప్పులు

ఉద్యోగం వచ్చేసింది! వచ్చే నెల నుంచి ఫెడరల్ జడ్జిగారికి అసోసియేట్‌ని. కేసు కాగితాలన్నీ ముందే చదివిపెట్టి, కోర్టులో ఆవిడ ముందు కూర్చునే పని. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. కొత్త నల్లగౌను వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే, ఆ ఉన్నిబట్ట వాసనకి ఇక్కడి ఒక జూలై చలీ, మా వెస్ట్‌మీడ్ ఫ్లాటూ గుర్తొచ్చాయి.

ఆ ఫ్లాట్ బాల్కనీలో జనవరి ఎండలకి నాయనమ్మ నిమ్మకాయ ముక్కలు ఎండబెట్టేది; పక్క ఆసుపత్రి హెలికాప్టర్ దిగినప్పుడల్లా దుమ్ము పడుతుందని పాతచీర కప్పి, పైలట్‌ని తిట్టిపోసేది; కింద కార్ల మధ్య క్రికెట్ ఆడి ఆకలేసి పరిగెత్తుకొస్తే, సున్నుండల నేతివాసన మెట్ల దగ్గరే ఎదురొచ్చేది; ఆసుపత్రి వంటగదిలో డ్యూటీ దిగిన నాన్న సాక్సులైనా విప్పకుండా సోఫాలో నిద్రపోయేవాడు. ఇదంతా పోతుందని నాకు మూడో క్లాసులో తెలిసింది. మా వీసా కాదన్నారు. మిగిలిన ఆశ ఫెడరల్ జడ్జి ఒక్కరే.

స్కూలు సెలవుల్లో, చంటి తమ్ముణ్ణి కింది ఫ్లాట్ ఆంటీకి అప్పగించి, మిగతా అందరం కోర్టుకి వెళ్లాం. లోపలికెళ్లే లాయర్లంతా గుమ్మంలో ఆగి, జడ్జి కూర్చునే పీఠం వైపు తల వంచుతున్నారు. అది అక్కడి పద్ధతి. పీఠం వెనక గోడ మీద దేశ చిహ్నం: అటు కంగారూ, ఇటు ఈము.

"ఏ దేవుడివో గానీ, వాహనాలు భలే ఉన్నాయే!" అంటూ నాయనమ్మ చెప్పులు బయటే విప్పేసింది.

"వేసుకోమ్మా, పరువు పోద్ది!" అన్నాడు నాన్న.

"నోర్ముయ్‌రా. అంతంత చదువుకున్నోళ్లు వంగి దణ్ణం పెడతంటే, మనం చెప్పుల్తో పోతామా?"

మా వాదనలయ్యాక జడ్జిగారి చూపు మా వరసలో ఆగింది. "ఆవిడ కాళ్లకి చలి వెయ్యట్లేదా?" అని ఇంగ్లీషులో అడిగారు. మా లాయర్ రమణ అంకుల్ వెనక్కి తిరిగి నాయనమ్మ కాళ్ల వంక చూశారు. నేనే లేచి, "గుడి అనుకుంది, యువర్ ఆనర్," అన్నాను. నాన్న నా స్వెటర్ పట్టుకుని లాగాడు.

జడ్జిగారు నవ్వలేదు. "మా అమ్మ గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లకి వండిపెట్టేది. బూట్లతో వంటింట్లోకి ఎవర్నీ రానిచ్చేది కాదు. మీ నాయనమ్మ మంచి పనే చేసిందని చెప్పు."

"కేసు పోయినట్టే," అని రైల్లో ఇంటిదాకా నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

పోలేదు. మా దరఖాస్తు మళ్లీ మొదటినుంచి చూడాలని తీర్పొచ్చింది; తర్వాత వీసా కూడా. ఆ తీర్పు లా చదివేటప్పుడు చదివాను. అందులో చెప్పుల్లేవు, జాలి లేదు, ఉన్నదంతా చట్టమే. గోధుమ పొలాల మధ్య పుట్టి, పగలు పనిచేస్తూ సాయంత్రం క్లాసుల్లో లా చదివి, ఏళ్ల తరబడి వాదించి ఆ పీఠమెక్కిన మనిషి రాసిన నాలుగు వాక్యాలకి మా ఇల్లు నిలబడింది.

ఇప్పుడు ఆ జడ్జిగారి దగ్గరికే ఇంటర్వ్యూకి వెళ్లి, ముందుగా ఆ పాత కేసు సంగతే చెప్పాను. "చెప్పులు గుర్తున్నాయి," అన్నారావిడ.

ఆ ఫ్లాట్లు కూలగొట్టి పెద్ద టవర్ కట్టేశారు. చట్టప్రకారం డెబ్బై ఏళ్లు నిండగానే ఆవిడా పీఠం దిగాలి. చివరి అసోసియేట్‌ని నేనే.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: డ్యూటీలో ఉన్న నాన్న, రమణ అంకుల్, ఆ రోజు మా తమ్ముణ్ణి చూసుకున్న కింది ఫ్లాట్ ఆంటీ. ఆఖర్న, స్కోఫీల్డ్స్‌లో బాబాయి దగ్గరున్న నాయనమ్మ. "ఆ గుళ్లోనేనా? చెప్పులు బయటే విప్పుకో," అనకుండా ఆవిడ ఫోన్ పెట్టదు.