ఆంటియోకో పీపాలు, బొనారియా ముక్కు

సార్డీనియా దీవిలో, తిర్సో నది దిగువనున్న జెద్దియాని ఊళ్లో బొనారియాను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. “ఆంటియోకో గారి ఉమ్మేసే పిల్ల” అంటే మాత్రం అందరికీ తెలుస్తుంది. వైన్ రుచి చూసి, ఉమ్మేసి, దాని గురించి పత్రికలో రాయడం ఆమె ఉద్యోగం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రుచి చూసేవాళ్లు అన్నీ మింగుతూ పోతే ఇల్లు చేరరని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. యాభై దాటినా “పిల్ల” అన్న మాటా పోలేదు.

కాల్యరి పట్నంలోని పత్రికలో ఆమె చేరింది అచ్చుతప్పులు దిద్దడానికి. ఒక వారం వైన్ల శీర్షిక రాసే ఆయన కాలు విరిగి ఆసుపత్రిలో పడ్డాడు. “ఖాళీ వదల్లేం, ఎవరో ఒకరు ఏదో ఒకటి గిలకండి,” అన్నాడు సంపాదకుడు ఉగాస్. బొనారియా గిలికింది. కాలు అతుక్కున్నాక ఆయన ఆటల పేజీకి వెళ్లిపోయాడు, శీర్షిక ఆమెకే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె తిరగని కొండ లేదు. పియెమోంతె పొగమంచులో పండే నెబ్బియోలో ద్రాక్ష వైన్, వెరోనా పక్కన తెల్లటి సొఆవె, ఎట్నా అగ్నిపర్వతం బూడిద నేలలోంచి వచ్చే ఎర్రవైన్, అన్నీ ఆమె నాలుక మీదుగా పోయినవే. మొదట్లో ఆమె దీవి యాస విని నవ్వినవాళ్లే, తర్వాత తర్వాత ఆమె గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఊపిరి బిగబట్టేవారు. బాగాలేనిదాన్ని బాగాలేదనే రాసేది. ప్రకటనలు ఆపేస్తామని ఎవరు బెదిరించినా ఒక్క మాట మార్చలేదు.

తండ్రి ఆంటియోకో చేసే వెర్నాచ్చా వైన్ గురించి మాత్రం ఏనాడూ రాయలేదు. సొంతవాళ్ల సరుకు జోలికి పోకూడదన్నది ఆమె నియమం. ఆంటియోకోకి అది ముల్లులా గుచ్చుకునేది.

“అందరి వైనూ పొగుడుతావు. మీ నాన్న పీపాల్లో మురుగునీళ్లున్నాయా?”

“పొగిడితే కూతురు కదా అంటారు నాన్నా. తిడితే నువ్వు గుమ్మం ఎక్కనివ్వవు.”

“తిట్టడానికేముందని తిడతావే!”

ఆ ఏడు వేషాల పండగ కార్నివాల్‌కి వారం ముందు ఆదివారం ఆమె ఊరొచ్చింది. తల్లి అస్సుంతా ప్రార్థనకు వెళ్లింది. వంటింట్లో మాడు వాసన కమ్మేసింది. పొయ్యి మీద కాఫీ పాత్ర మాడి నల్లబడుతుంటే, పక్కనే కుర్చీలో ఆంటియోకో ద్రాక్షతీగలు కత్తిరించే కత్తెరకు తాపీగా నూనె రాస్తున్నాడు.

“నాన్నా, కాఫీ మాడిపోతోంది!”

“అరుస్తావెందుకు? నాకేం చెవుడు రాలేదు,” అని లేచి పొయ్యి ఆర్పాడు. “పద, పీపాలు చూద్దువుగాని.”

వెర్నాచ్చా పీపాలను అంచుదాకా నింపరు. పైన గాలికి కాస్త చోటు వదిలితే, వైన్ మీద మీగడలా తెల్లటి పొర కడుతుంది. ఆ పొర బతికున్నంత కాలం వైన్ బతికుంటుంది. పీపాల కొట్లోకి వెళ్లగానే ఆంటియోకో మొదటి పీపా నుంచి గ్లాసులో పోసి ఇచ్చాడు. బొనారియా ముక్కుకి బూజు పట్టిన గుడ్డ వాసన కొట్టింది.

“ఎలా ఉంది? బాదంపప్పు ఘుమఘుమలాడట్లేదూ?” అన్నాడాయన కళ్లు మూసుకుని.

రెండో పీపా వెనిగరుకి తిరుగుతోంది. మూడోది బాగుంది. మూడింటికీ ఆయన అదే మాట అన్నాడు, అదే తృప్తితో. దేశమంతా మొహమాటం లేకుండా మాట్లాడిన మనిషి అక్కడ తండ్రి మొహం కేసి చూసింది. గ్లాసు కింద పెట్టి, చివరికి మెల్లగా అడిగింది.

“నాన్నా, నీకు వాసన తెలియట్లేదు కదూ?”

“ఎవరు చెప్పారు నీకు? పెద్ద డాక్టరమ్మ వచ్చింది!” అని ఎగిరిపడ్డాడు. బోర్లించిన తొట్టి మీద కూలబడ్డాక గొంతు తగ్గింది. “కిందటి చలికాలం జ్వరమొచ్చింది చూడు, అప్పుడు పోయింది. తిరిగొస్తుందేమోనని చూశా. నాలిక్కి పులుపు తెలుస్తూనే ఉందే, ఈ ఏడు కాయే పుల్లగా పండిందేమోలే అనుకున్నా.”

“చెప్పొచ్చు కదా?”

“ఏమని? ఆంటియోకోకి ముక్కు పోయిందంటే కార్నివాల్‌కి ఇంకో వేషం అక్కర్లేదు ఊరికి.”

“అమ్మకి తెలుసా?”

“తెలిసే ఉంటుంది. పాలు పొయ్యి మీద పెట్టి నన్ను చూడమనడం మానేసింది.”

బొనారియా ఆయన పక్కనే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. మొదటి పీపా పారబొయ్యాలి. రెండోది వెనిగరుకి పనికొస్తుంది. ఆయన లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు.

“మిగతావి చూడు. మూడోదెలా ఉంది?”

“మంచి లోతుంది. హుందాగా ఉంది.”

“లోతేంటే? అది పీపానా, బావినా? నీ రాతలు చదివీ చదివీ నాకు ఒక్క వైనూ అర్థమయ్యి చావలేదు. వాసన చెప్పు!”

ఆమె మళ్లీ ముక్కు పెట్టింది. “అక్రోటు పగలగొడితే లోపలి పొట్టు వాసన. వెనకాల చేపల వల.”

“తడి వలా, ఎండిందా?”

“ఎండింది. ఉప్పు పేరుకుంది.”

“అయితే పొర బతికుంది. కదపకు. నాలుగోది?”

“నిన్న కోసిపెట్టిన ఆపిల్ ముక్క.”

“గాలెక్కువైంది. ఆ కిటికీ ముయ్యి.”

ముక్కు ఆమెది, తెలివి ఆయనది. అలా ఒక్కో పీపా దాటుకుంటూ పోయారు. గోడ మూలన ఉన్న చివరి పీపా దగ్గర బొనారియా గ్లాసు రెండోసారి నింపుకుంది.

“ఏమయ్యిందే? అదీ పోయిందా?”

“లేదు. చేదు బాదం, నారింజ తొక్క, తేనె పట్టు తీసేశాక చేతికి మిగిలే వాసన. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు నాన్నా.”

“ఇంకోసారి చెప్పు,” అన్నాడాయన. ఆమె చెప్పింది. ఆయన తల తిప్పుకుని చేతిగుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు.

ఆ వారం నెబ్బియోలో వైన్ గురించి రాయడానికి కూర్చుంటే “హుందా”, “లోతు” అన్న మాటలు కలంలోంచి రాలేదు. కొత్తగా తారు పోసిన రోడ్డు మీద ఎవరో ఎండు గులాబీలు రాల్చుకుంటూ వెళ్లినట్టుందని రాసింది.

“ఇది వైన్ గురించా, రోడ్డు గురించా?” అన్నాడు ఉగాస్ ఫోన్లో. గొణుక్కుంటూనే అచ్చేశాడు. తర్వాతి వారం కాల్యరి చేపల బజార్లో ఎప్పుడూ పీతలు కొనే దుకాణమావిడ ఆమెను ఆపి, “అమ్మా, ఇన్నాళ్లకి మీరేం తాగుతున్నారో తెలిసింది,” అంది.

ఆంటియోకో కార్నివాల్ దాకా ఆగలేదు. పీపాలు చూసిన రెండో రోజు, మంగళవారమే కాఫీ బార్లో అందరి ముందూ తన ముక్కు సంగతి తనే చెప్పేశాడు. కడుపుబ్బ నవ్వారు. నవ్వడం అయ్యాక పక్కవీధి ముసలాయన ఒకడు దగ్గరికొచ్చి, “మీ అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు నా పీపాలు కూడా చూస్తుందేంట్రా?” అని గొణిగాడు. ఇప్పుడు ఊరొస్తే బొనారియాకు తీరిక దొరకదు. తండ్రి వైన్ గురించి ఆమె ఇప్పటికీ ఒక్క వాక్యం రాయలేదు. మూల పీపా సంగతి పట్నం హోటళ్ల వంటవాళ్లు ఒకరి నోట ఒకరు వినే కొనడానికి వస్తున్నారు.

ఈ మార్చిలో ఆయన బీడుగా వదిలేసిన పొలం చెక్కలో కొత్త ద్రాక్షతీగలు నాటాడు. తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డ బొనారియా అడిగింది, “ఇవి ఎప్పటికి వైన్ అవుతాయి నాన్నా?”

“కాపుకి నాలుగేళ్లు. పీపాలో ఇంకో నాలుగు.” ఆయన మోకాలి మీద వంగి మట్టి అదిమాడు. “ఈలోగా నువ్వు జలుబు తెచ్చుకోకు. తాడు సరిగ్గా పట్టుకో, వరస వంకర పోతోంది.”