చివరి వరుస

ఎమ్మిగనూరులో మా నేతవీధి వాళ్లందరం ఆయన్ని పాటల మామ అనేవాళ్లం. పగలంతా మగ్గం నేసి, శనివారం సాయంత్రం భజన మందిరంలో తంబూరా పట్టుకుని కూర్చునేవాడు. టికెట్టు లేదు, పిలుపులు లేవు. చెప్పులు బయట విడిచి ఎవరైనా వచ్చి వినొచ్చు.

మొదలుపెట్టే ముందు మామ మెడ చాచి చివరి వరుస వైపు చూసేవాడు.

"ఎనకున్నోళ్లకు ఇనబడతాందా అప్పా?"

వెనక నుంచి ఒక చెయ్యయినా లేచేదాకా పాట ఎత్తుకునేవాడు కాదు. ఒకసారి ఆదోని నుంచి వచ్చిన ఫిడేలు ఆయన విసుక్కున్నాడు.

"ముందున్నోళ్లు ఇంటాండారు గదన్నా, సాలదా?"

"ముందున్నోళ్లు తీరిగ్గా వచ్చినోళ్లప్పా. ఎనకున్నోళ్లు ఇప్పుడే మగ్గం దిగి వచ్చినారు. సెవుల్లో ఇంకా ఆ సప్పుడే ఉంటాది" అన్నాడు మామ.

నేనూ ఆ వెనక వరుసదాన్నే. తెగిన పోగులు అతికి వచ్చేసరికి ముందు చోటెక్కడుంటుంది?

మామ పోయే ముందటి ఏడు, ఆయన శిష్యురాలు అదే మందిరంలో మొదటిసారి పాడింది. అప్పటికి మామకు చెవులు పూర్తిగా పోయాయి. నాతో పాటు చివరి వరుసలో గోడకానుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల తంబూరా సర్దుకుని, అచ్చం ఆయనలాగే మెడ చాచి మా వైపు చూసింది.

"ఎనకున్నోళ్లకు ఇనబడతాందా?"

అందరికంటే ముందు మామ చెయ్యి లేచింది.